రాజుగారి సిపాయిలు ఎవరి మనుషులు?

“అమ్మమ్మా, ఈ ఫొటోలో ఆడపిల్లలు రైల్వే కూలీల చొక్కాలు వేసుకున్నారేంటి? చేతులకి బిళ్ళలు కూడా ఉన్నాయి.”

ఏదీ, ఇటియ్యి. ఉండు, కళ్ళజోడు... నెత్తిమీదే ఉందా, సరే. ఆ, ఇదా. ఇది నీకెక్కడ దొరికిందే? వాళ్ళు కూలీలు కాదు తల్లీ, ఇంగ్లండు రాజుగారి సైన్యం. నవ్వుతావేం, నిజంగానే. మన గుణదలలో నేను పని చేసిన బళ్ళో తీసింది. అప్పటికి మీ అమ్మ నా కడుపులో ఉంది. కాదు కాదు, మీ పెద్దమామయ్య. మీ అమ్మ ఆ తర్వాత. ఎమర్జెన్సీ రోజులు అవి, అది మాత్రం బాగా గుర్తు, ఎందుకంటే పోలీసాయన వచ్చాడుగా. ఫోన్లో రికార్డు చేస్తున్నావా? చెప్పొద్దూ, కొంగైనా సర్దుకునేదాన్ని. మాటలేనా? సరే అయితే.

మా బడికి అమెరికా నుంచి పాలపొడీ, గోధుమ రవ్వా వచ్చేవి. ఆ రవ్వతో మధ్యాన్నం పిల్లలకి ఉప్మా. పచ్చగా ఉండేది, ఓ రకం వాసన, అయినా ఎంత రుచి అనుకున్నావ్. ఇప్పుడు నువ్వు ఆ ప్యాకెట్లలో తెచ్చుకు తింటావే, దాని మొహం, దీని ముందు అదెంత. అప్పుడు రూపాయికి ఇంత బెల్లం వచ్చేది, పాలపొడిలో ఆ బెల్లం కలిపి... ఏం చెప్తున్నానూ? ఆ, రవ్వ. అది పంపే ఫాదర్లు కొంతమంది మన బడి చూట్టానికి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండొందల ఏళ్ళు నిండాయంట ఆ ఏడు. మా హెడ్మిస్ట్రెస్ సిస్టరు గారున్నారు, మలయాళం ఆవిడ, తెలుగు మనకంటే బాగా మాట్లాడేవారు, ఆవిడ నన్ను పిలిచి, “టీచరమ్మా, వాళ్ళ స్వాతంత్ర్య పోరాటం మనం నాటకం కట్టి వాళ్ళకే చూపిద్దాం, మాటలు నువ్వు రాయి” అన్నారు. నేను తెలుగు టీచర్ని గదా. నాకేం తెలుసు అమెరికా సంగతి? “అమెరికా వాళ్ళకి స్వాతంత్ర్యం ఎందుకండీ, వాళ్ళెప్పుడు పోగొట్టుకున్నారు?” అన్నాను. ఆవిడ తల పట్టుకున్నారు.

అప్పుడు చెప్పారు. వాళ్ళనీ ఇంగ్లీషువాళ్ళే ఏలారంట. పదమూడు చోట్ల వాళ్ళ మనుషులే వెళ్ళి స్థిరపడ్డారంట, ఆ పదమూడూ కలిసి రాజుగారి మీద తిరగబడి, పన్ను కట్టేది లేదని, టీ పెట్టెలు సముద్రంలో పారబోసి, ఆనక యుద్ధం చేసి గెలిచారంట. విన్నాను. అన్నీ విన్నాను గానీ నాకు తలా తోకా తెలీలేదే. ఏలేవాడు తెల్లవాడు, తిరగబడ్డవాడు తెల్లవాడు, ఇద్దరిదీ ఒకే భాష, ఒకే బైబిలు, ఒకళ్ళకొకళ్ళు చుట్టాలు కూడానంట. మరి ఎవరెవరితో పోట్లాడుతున్నట్టు? మనకైతే మనిషిని చూస్తే తెలిసిపోయేది, తెల్లవాడు అటు, మనం ఇటు. అంటే... తెలిసిపోయేదీ అంటున్నాను గానీ, మన ఇంట్లోనే ఆ సంగతి తెలీలేదనుకో. అది చెప్పాలి నీకు. అది చెప్పకపోతే ఈ ఫొటో అర్థం కాదు.

మా నాన్న శౌరయ్య, మా బాబాయి ఇన్నయ్య. మా నాన్న పెద్ద. నువ్వు చూళ్ళేదు ఇద్దర్నీ. మన పాత ఇల్లు కాలవ పక్కన ఉండేది, అందులో ముందు వాటా బాబాయిది, వెనక వాటా మాది. నాన్న కుర్రవాడుగా ఉన్నప్పుడు తెల్లవాళ్ళ సైన్యంలో చేరాడు. సింగపూరు పంపించారు. అక్కడ జపాను వాళ్ళ చేతిలో తెల్లవాళ్ళు ఓడిపోయారు, వీళ్ళందర్నీ తుపాకులు కింద పెట్టమన్నారు, పెట్టారు, ఖైదు చేశారు. ఆ ఖైదులో ఉండగా, మనవాళ్ళే కొందరు, మన దేశాన్ని విడిపించాలని అక్కడే ఒక సైన్యం పెట్టారు గదా, మీకు పుస్తకాల్లో ఉంటుందిగా అది. అందులోకి రమ్మని అందర్నీ పిలిచారు. చాలామంది వెళ్ళారు. మా నాన్న వెళ్ళలేదు. బైబిలు మీద చెయ్యేసి రాజుగారికి మాటిచ్చాను అన్నాడంట. అంతే. ఆ క్యాంపులోనే పస్తులుండి, పళ్ళన్నీ ఊడిపోయి, చీపురు పుల్లలా తిరిగొచ్చాడంట యుద్ధం అయ్యాక. నేను పుట్టేసరికే పళ్ళులేవు మా నాన్నకి. చిన్నప్పుడు నేను నాన్నలందరికీ పళ్ళుండవనుకునేదాన్ని.

ఇక బాబాయి. అదే ఏడు, నాన్న అక్కడ ఖైదులో పడ్డ ఏడే, ఇక్కడ బాబాయి, మీసాలింకా రాలేదు, టెలిగ్రాఫు తీగలు తెంపాడని తెల్లవాళ్ళు పట్టుకుపోయి జైల్లో వేశారు. చూశావా మరి? రాజుగారి కోసం ఒకడు జైల్లో ఉన్నాడు, రాజుగారి మీద తిరగబడి ఇంకొకడు జైల్లో ఉన్నాడు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. మా నాయనమ్మ ఏ బిడ్డ కోసం ఏమని ప్రార్థన చేసిందో ఆవిడకే తెలియాలి. రాజు గెలవాలని చేసిందా, ఓడిపోవాలని చేసిందా?

ఇంటికొచ్చాక ఇద్దరూ బాగానే ఉన్నారు. నాన్న లాకుల దగ్గర లస్కరు పని, అదే, కాలవ తలుపులు ఎత్తి దించే పని చేసేవాడు, బాబాయికి బట్టల కొట్టు వన్ టౌన్లో. పండక్కీ పబ్బానికీ ఒకటే వంట. కానీ ఆ జైళ్ళ మాట ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. ఎవరం అడగలేదు కూడా. ఆ తర్వాత, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిందని గవర్నమెంటు వాళ్ళు జైలుకెళ్ళిన వాళ్ళకి రాగిరేకులిచ్చారు, తామ్రపత్రం అంటారే. బాబాయికి ఇచ్చారు. ఊరేగింపు, దండలు, కలెక్టరాఫీసులో టీ. బాబాయి ఆ రేకు తెచ్చి ముందు వరండాలో గోడకి కొట్టాడు. తప్పేముంది, కొట్టుకోవాల్సిందేగా. ఆ మర్నాటినుంచీ మా నాన్న ముందు వరండాలోంచి రావటం మానేశాడు. పెరటి దారిన, బర్రెల కొట్టం పక్కనుంచి చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం, నాకు అన్నం వడ్డించమని చెప్పి, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ, “అమ్మాయ్, నేనప్పుడు తప్పు చేశానంటావా?” అన్నాడు. నేనేం చెప్పను? మాట నిలబెట్టుకోటం తప్పా? దేశం కోసం వెళ్ళకపోవటం తప్పు కాదా? పచ్చడి వేయనా నాన్నా అన్నాను. ఇప్పటికీ నాకు ఆ పచ్చడి మాట తలుచుకుంటే కష్టంగా ఉంటుందే.

సరే, నాటకం. మాటలైతే ఏవో రాశాను. ఆట కట్టటానికి కూచిపూడి నుంచి ఒక మాస్టారు గారిని పిలవమన్నారు సిస్టరు గారు, వచ్చే అతిథులు మన డాన్సు చూసినట్టూ ఉంటుంది, వాళ్ళ కథ చూసినట్టూ ఉంటుందని. నేనే వెళ్ళాను, పామర్రు మీదుగా బస్సులో. ఉయ్యూరు దాటేటప్పుడు ఆ చెరుకు ఫ్యాక్టరీ వాసనకి కడుపులో తిప్పేసి... కడుపుతో ఉన్నాగా. మాస్టారు పెద్దాయన. అంతా విని, “ఆడపిల్లల బడా?” అన్నారు. అవునండీ అన్నాను. “అమ్మా, నా జన్మంతా మగాళ్ళకి ఆడవేషం కట్టాను. ఇప్పుడు ఆడపిల్లలకి మగవేషం కట్టమంటారా, కట్టక ఛస్తానా” అన్నారు. ఒప్పుకున్నట్టో కాదో అర్థం కాలా. మూడోరోజో నాలుగోరోజో మద్దెలతో సహా దిగారు. వన్ టౌన్లో వాళ్ళ బావగారింట్లో ఉండి రోజూ రిక్షాలో వచ్చేవారు.

వాళ్ళ పద్ధతి ఒకటుంది. ఏ వేషం అయినా ఊరికే వచ్చి నిలబడకూడదు. ఇద్దరు తెర పట్టుకుంటారు, తెర వెనకనుంచి ముందు పాదం, తర్వాత చెయ్యీ, అలా కొంచెం కొంచెం చూపించి, అప్పుడు తెర దించితే మనిషి బయటికొచ్చి తనెవరో తనే చెప్పుకోవాలి. నేను ఫలానా, ఫలానా వారి తాలూకు, ఇందుకొచ్చాను, అని. అది చెప్పకుండా ఆట నడవదు. రాజుగారికి మాస్టారే పాట కట్టేశారు, సూర్యుడు నా గడప దాటడు అనీ అదనీ ఇదనీ, ఎంత బాగుందో. అమెరికా రైతులకీ కట్టేశారు, మా పొలం, మా చెమట అని. రాజుగారి సిపాయి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. నన్నడిగారు, “టీచరు గారూ, ఈ సిపాయి ఎవరి మనిషి? ఆ రైతుల మీద ఇతనికి పగేముంది? సముద్రం దాటి ఎందుకొచ్చాడు? అది తెలీకపోతే నేను తెర దించలేను” అన్నారు.

నాకేం తెలుసు? సిస్టరు గారినడిగితే, “సిపాయికెందుకండీ పాట, కర్రపట్టుకుని వచ్చి ఓడిపోతాడు, అంతేగా” అన్నారు. మాస్టారు ఒప్పుకోరే. వేషం కట్టాక ఓడిపోయేవాడికైనా చెప్పుకోటానికి ఒక మాట ఉండాలంటారు. ఆ వేషం నిర్మలకి ఇచ్చాం, పదో తరగతి పిల్ల, పొడుగ్గా ఉండేది, ఆ పిల్ల రోజూ వచ్చి, “మేడమ్, నేనేం చెప్పాలి, నేనేం చెప్పాలి” అని ప్రాణం తీసేది.

ఇంటికెళ్ళి నాన్ననడిగాను. ఎలా అడిగానో ఏంటో, ఆ రోజు చేపలు తోముతున్నాను పెరట్లో, తలెత్తకుండానే అడిగేశాను. “నాన్నా, మా నాటకంలో రాజుగారి సిపాయి ఒకడున్నాడు. తను ఎవరి మనిషని చెప్పుకోవాలి?” అని. నాన్న వచ్చి నా పక్కన కూచున్నాడు. తర్వాత చెప్పటం మొదలెట్టాడు. కథ చెప్పినట్టు కాదు, ఏదో అంగట్లో సరుకులు చెప్పినట్టు, ఒక్కొక్కటే. నేను చేతులు కడుక్కునొచ్చి రాసుకున్నాను. మర్నాడు మాస్టారుకి చదివి వినిపించాను. ఆయన మద్దెల పక్కన పెట్టి, “దీనికి పాట వద్దమ్మా, ఇది మాటగానే చెప్పించండి” అన్నారు. ఎవరు చెప్పారని అడగలేదు. పెద్దాయన, ఊహించే ఉంటారు.

ఆ తర్వాత నాన్నే రావటం మొదలెట్టాడు బడికి. నేను పిలవలేదు. ఒకరోజు సైకిలేసుకుని వచ్చి, పిల్లలు కర్రలు పట్టుకుని నడుస్తుంటే చూసి, “ఏంటమ్మా ఆ నడక, పాలకెళ్తున్నట్టు” అని లోపలికొచ్చేశాడు. ఇంక చూడు. లెఫ్టు రైటు, లెఫ్టు రైటు. పళ్ళులేని నోటితో ఆ ఇంగ్లీషు ఆర్డర్లు. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత భయపడ్డారు, తర్వాత తాతగారూ తాతగారూ అని వదలకుండా తిరిగారు. అమెరికా రైతుల వేషాలు వేసేవాళ్ళు కూడా వచ్చి, మేడమ్, మేం కూడా రాజుగారి సైన్యంలో చేరతాం అంటారు. ఇదేం యుద్ధమే తల్లీ, స్వాతంత్ర్యం కావాల్సినవాళ్ళంతా అటు వెళ్ళిపోతే ఎలా అని నేను మొత్తుకున్నాను.

చొక్కాలా? రాజుగారి సైన్యానికి ఎర్రకోట్లుండేవంట. ఎక్కడ తేవాలి? మన స్టేషన్లో కూలీల మేస్త్రీ ఒకాయన మా గుడికొచ్చేవాడు, ఆయన్నడిగితే ఉతికించి మరీ ఇచ్చాడు. బిళ్ళ లేకుండా చొక్కా బయటికి పంపితే ఒప్పుకోరంట, అందుకని చేతి బిళ్ళలు కూడా. కట్టి తీరాలన్నాడు. మరి కట్టాం.

లొంగిపోయే ఘట్టం మిగిలింది. చివర్న సైన్యం తుపాకులు కింద పెట్టాలి. పిల్లలు కర్రలు టపటపా పారేస్తున్నారు. నాన్న చూసి, “అలాక్కాదు” అన్నాడు. తనే ఒక కర్ర తీసుకున్నాడు. నిటారుగా నించుని, వంగి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు నేలమీద పడుకోబెట్టి, లేచి, చేతులు తొడలకానించి నించున్నాడు. నిర్మల, “తర్వాతేం చెయ్యాలి తాతగారూ?” అంది. నాన్న ఏమీ చెప్పలేదు. కర్ర అక్కడే వదిలేసి సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చాడు గానీ ఆ ఘట్టం మళ్ళీ చేయించలేదు. నాకూ అడగబుద్ధి కాలేదు.

అన్నట్టు పోలీసాయన సంగతి. ఎమర్జెన్సీ గదా, పదిమంది పోగైతే పర్మిషన్. ఒక కానిస్టేబులొచ్చి, “రాజుని దించేస్తారంట, ఏ రాజండీ?” అని అడిగాడు. సిస్టరు గారు, “ఇప్పటి రాణిగారి తాతకి తాత, వాళ్ళ తాత” అన్నారు. ఆయన నమ్మలేదు, నేనూ చూస్తానని ఆ రోజు ముందు వరసలో కూచున్నాడు.

నాలుగింటికి మొదలెట్టాం, ఎండ చల్లబడ్డాక, బడి ముందు ఖాళీ స్థలంలో. అమెరికా ఫాదర్లు వచ్చారు, చెమటలు కక్కుకుంటూ. పక్కన ముఖ్య అతిథి ఎవరనుకున్నావ్? మా బాబాయి. స్వాతంత్ర్య సమరయోధుడు గదా, సిస్టరు గారే వెళ్ళి పిలిచారు. ఖద్దరు కట్టుకుని, దండ వేయించుకుని కుర్చీలో కూచున్నాడు. మా నాన్న ఎక్కడో వెనక, సైకిల్ స్టాండు దగ్గర.

రాజుగారు తెర వెనకనుంచి పాదం చూపించగానే జనం ఈలలు. ఆ మద్దెల, ఆ నడక, తెర దించేసరికి ఆ కానిస్టేబులు లేచి సెల్యూట్ కొట్టేశాడే. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలీదు పాపం, చుట్టూ చూసి కూచున్నాడు. ఆ అమెరికా ఫాదరొకాయన నన్ను పిలిచి, “ఈయన చెడ్డవాడు కదా?” అని అడిగాడు. అవునండీ అన్నాను. అంటూనే నాకు అనుమానం, జనం చూస్తే ఆయన్నే మెచ్చుకుంటున్నారు. టీ పారబోసే ఘట్టంలో టీ పొడి బదులు ఊక పెట్టాం పెట్టెల్లో. కాలవ గాలికి ఆ ఊకంతా ఎగిరి అతిథుల నెత్తిన పడింది. బాబాయి దండ నిండా ఊకే.

అప్పుడు నిర్మల వచ్చింది. తెర, పాదం, చెయ్యి, కూలీ బిళ్ళ. తెర దిగింది. మద్దెల ఆపేశారు మాస్టారు. ఆ పిల్ల నాన్న చెప్పించినట్టే, తడుముకోకుండా, ఏ రాగమూ లేకుండా చెప్పింది. “నేను రాజుగారి సిపాయిని. రాజుగారిని నేనెప్పుడూ చూళ్ళేదు. పొట్టకూటికొచ్చాను. గ్రంథం మీద చెయ్యేసి ఉంటానన్నాను, అందుకని ఉన్నాను. ఈ రైతుల మీద నాకు కోపం లేదు. మా ఊళ్ళో నాకొక తమ్ముడున్నాడు. వాడికి ఈత రాదు. కాలవ దగ్గరికి వెళ్ళొద్దని చెప్పి వచ్చాను. వింటున్నాడో లేదో. ఇంటికి ఎప్పుడు పంపిస్తారో తెలీదు.”

నేను పక్కనుంచి బాబాయినే చూస్తున్నాను. దండ మీద ఊక దులుపుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. బాబాయికి ఈత రాదు. చచ్చిపోయేదాకా రాలేదు.

తర్వాత యుద్ధం, రైతులు గెలవటం. గెలిచారులే, ఎలాగో. నిర్మలా వాళ్ళూ కర్రలు కింద పడుకోబెట్టారు, నించున్నారు. రైతులు గంతులేశారు, మాస్టారు మంగళం పాడారు, వాళ్ళ ఆటలో మంగళం అంటే అందరికీ, ఓడినవాడికి కూడా హారతే, రాజుగారికీ హారతిచ్చేశారు. అమెరికా వాళ్ళు లేచి చప్పట్లు కొట్టి, రాజుకి హారతేంటో అర్థంకాక మళ్ళీ కూచున్నారు. అందరూ వెళ్ళిపోయారు స్టేజి మీదనుంచి, ఈ ఎర్రచొక్కాల పిల్లలు తప్ప. కదలరే. చేతులు తొడలకానించి కొయ్యబొమ్మల్లా నించున్నారు. “లోపలికి రండే” అని పక్కనుంచి నేను పిలుస్తున్నాను. సిస్టరు గారు పిలుస్తున్నారు. ఊహూ. తర్వాతేం చెయ్యాలో వాళ్ళకి నాన్న చెప్పలేదుగా. అందరి తలల మీదుగా సైకిల్ స్టాండు వైపే చూస్తున్నారు. నేనూ అటు చూశాను. నాన్న కూడా అలాగే నించున్నాడు, అదే నిలబడటం, చేతులు కిందికి చాచి. అప్పుడు నాకు నిజంగా భయమేసిందే. మా నాన్న ఇంక ఎప్పటికీ అలాగే ఉండిపోతాడేమో అనిపించింది.

బాబాయి లేచాడు కుర్చీలోంచి. స్టేజి వైపు వెళ్తాడేమో అనుకున్నా. వెనక్కి తిరిగి, జనం మధ్యలోంచి, దండతోటే, నాన్న దగ్గరికి నడిచాడు. నేను కూడా కడుపు పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళాను. “అన్నయ్యా, పిల్లలు నించునున్నారు. చెప్పు” అన్నాడు. బాబాయి నాన్న మోచెయ్యి పట్టుకుని, “అయిపోయిందన్నయ్యా. ఎప్పుడో అయిపోయింది. వాళ్ళని ఇళ్ళకి పంపించు” అన్నాడు. నాన్న నోరు తెరిచి, “డిస్మిస్” అన్నాడు. అరవలేదు, మామూలుగానే. అంత దూరం ఎలా వినపడిందో, పిల్లలు కుడివైపుకి తిరిగి, చక్కగా ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళిపోయారు. ఈ ఫొటో ఆ తర్వాత తీసిందే.

ఇంటికి కాలవగట్టు మీద నడిచే వెళ్ళాం. నాన్న సైకిల్ నడిపించుకుంటూ, పక్కన బాబాయి, వెనక నేను చొక్కాల మూటతో. ఇంకా వెలుగుంది. నాన్న అడిగాడు, “ఒరే ఇన్నయ్యా, జైల్లో నీకు అన్నం పెట్టేవాళ్ళా?” అని. ఎన్నేళ్ళు, ముప్ఫై ఏళ్ళు పైన, ఒకే ఇంట్లో ఉండి, అదే మొదటిసారి అడగటం. “పెట్టేవాళ్ళు, రాళ్ళన్నం. నీకో?” “మాకు రాళ్ళు కూడా లేవురా.” మళ్ళీ కొంచెం దూరం నడిచారు. అప్పుడు నాన్న ఆగి, నన్నడిగిన మాటే బాబాయినడిగాడు. “నిజం చెప్పు. నువ్వు దేశం కోసం వెళ్ళావు. నేను వెళ్ళలేదు. నేను తప్పు చేశానా?”

బాబాయి మొహం చూస్తే ఇప్పుడేదో పెద్ద మాట చెప్తాడనుకున్నాను, పదిహేనో ఆగస్టుకి మాట్లాడతాడే అలా. ఆయనేమన్నాడంటే, “దేశం సంగతి నాకప్పుడేం తెలుసన్నయ్యా. నువ్వు దొరికిపోయావని కబురొచ్చింది. తెల్లవాడు ఈ దేశం వదిలిపోతే యుద్ధం మానేస్తాడు, నిన్నొదిలేస్తారు అని ఎవడో చెప్పాడు. అందుకని తీగలు తెంపాను. నాకు నువ్వు కావాలి, అంతే. మిగతాదంతా జైల్లో వాళ్ళూ వీళ్ళూ చెప్తే నేర్చుకున్నాను” అన్నాడు.

నాన్న సైకిల్ గట్టుమీద పడేశాడు. స్టాండు కూడా వెయ్యలేదు. తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చాడు, గట్టిగా, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా సరే. నేనంతకుముందెప్పుడూ చూళ్ళేదు నాన్న ఏడవటం. తర్వాత ముక్కు తుడుచుకుని, “ఆ మాట ఇంకెవరితో అనకురా, వచ్చి రేకు పీక్కుపోతారు” అన్నాడు. అప్పుడు ఇద్దరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, మూట కింద పెట్టి అక్కడే కూలబడ్డాను.

అదే తల్లీ. ఇప్పటికీ నాకు తెలీదు. నాన్న తప్పు చేశాడా అన్నదానికి బాబాయి జవాబు చెప్పినట్టా, చెప్పనట్టా? ఆ రాగిరేకు దేనికిచ్చినట్టు? దేశం కోసం తెంపిన తీగలకా, అన్నకోసం తెంపినవాటికా? ఆ అమెరికాలో కూడా ఇలాంటి వాళ్ళుండే ఉంటారు, అటొకడూ ఇటొకడూ, వాళ్ళమ్మ మధ్యలో. నువ్వు పెద్ద చదువులు చదివావుగా, నువ్వు చెప్పు. ఏం, నీకూ తెలీదా? పోనీలే. మరియమ్మ తల్లి నిన్ను చల్లగా చూడాలి. పోట్లాడాల్సొస్తే పోట్లాడు, ఎవరి పక్షాన నిలబడాలనుకుంటే వాళ్ళ పక్షానే నిలబడు, నేను కాదనను. ఇంటికొచ్చాక మాత్రం మీ తమ్ముడినడుగు, అన్నం తిన్నావా అని, ముప్ఫై ఏళ్ళు ఆగకుండా... ఏడుస్తావేంటే పిచ్చిదానా, ఇలా రా.